కీర్తనకు ముందు బుర్రుపిట్ట

నవవిధ భక్తులను చెప్పేటప్పుడు ప్రహ్లాదుడు శ్రవణాన్ని మొదట నిలిపి, కీర్తనాన్ని దాని వెంటనే పేర్కొన్నాడు. వినడం ముందు, పాడడం తరువాత. చిన్నపిల్లలకు భజనలు, కీర్తనలు నేర్పుతూ ముప్ఫై ఏళ్లు గడిపిన నేను ఈ క్రమాన్ని ఎన్నో సభలలో వివరించాను గాని, ఆచరణలో మాత్రం తలకిందులు చేశాను. పిల్లల గొంతులను వినలేదు, పాడమన్నాను. పాడమనడం కూడా కాదు, అరవమన్నాను. అందువల్ల ఒక బాలుడికి కలిగిన కష్టాన్నీ, ఆ తరువాత నేను మార్చుకున్న పద్ధతినీ పాఠక మహాశయులకు విన్నవించుకోవడానికే ఈ వ్యాసం. ఆలయాలలో బాలభజన బృందాలను నడిపేవారికీ, వాటికి తమ పిల్లలను పంపే తల్లిదండ్రులకూ, ఉదారంగా ద్రవ్యసహాయం చేసే దాతలకూ ఇందులో పనికివచ్చే మాట ఒకటి రెండు ఉండవచ్చు.

మాది విజయనగరం జిల్లా భోగాపురం. విశాఖపట్నం నుండి శ్రీకాకుళం వైపు సాగే జాతీయ రహదారి మా ఊరిని ఒరుసుకుంటూ పోతుంది. తూర్పున కొద్ది దూరంలో సముద్రం. నడుమ కొబ్బరితోటలు, జీడితోటలు. విమానాశ్రయ నిర్మాణం మొదలైన నాటి నుండి లారీల రాకపోకలు మరీ పెరిగాయి. ధనుర్మాసంలో తెల్లవారుజామున పిల్లలతో నగర సంకీర్తన చేయించడం నాకు ఎంతోకాలంగా అలవాటు. పాతిక ముప్ఫై మంది పిల్లలు చలిలో వణుకుతూ, తలలకు తుండుగుడ్డలు చుట్టుకొని వచ్చేవారు. నిద్రలేచిన పది నిమిషాలకే వారిచేత తారస్థాయిలో నామం ఎత్తించేవాణ్ణి. లారీల హోరును మించి వినబడాలని నా పట్టుదల. "ఇంకా గట్టిగా!" అన్న ఒక్క మాటే ఆ రోజుల్లో నా బోధన అంతా అని చెప్పినా తప్పు లేదు.

ఆ బృందంలో తొమ్మిదేళ్ల బాలుడు ఒకడు ఉండేవాడు. తల్లిదండ్రులు సముద్రతీర గ్రామంలో వేటమీద బతికేవారు. చదువుకోసం వీడు భోగాపురంలో అమ్మమ్మ దగ్గర ఉండేవాడు. శంఖం వంటి గొంతు. కెరటాల మీదుగా పడవలకు కేకవేసి పెరిగిన పిల్లవాడు కదా! వాణ్ణి బృందానికి ముందు నిలబెట్టాను. రెండవ వారానికి గొంతు బొంగురుపోయింది. మంచు వల్ల కఫం పట్టిందనుకొని మిరియాల పొడి, తేనె ఇచ్చి మళ్లీ ముందు నిలబెట్టాను. మూడవ వారంలో అమ్మమ్మ వాణ్ణి వెంటబెట్టుకొని ఆలయ మండపానికి వచ్చింది.

"మేస్టారూ, గుంటడికి గొంతు నేదు. నోరు తెరిస్తే గాలొస్తంది గానీ మాట రాదు. దేవుడి పాటకి అంపితే దేవుడిచ్చిందే పోయింది" అన్నది.

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

విజయనగరంలో చెవి, ముక్కు, గొంతు వైద్యుని వద్దకు నేనే తీసుకువెళ్లాను. సన్నని గొట్టం ద్వారా లోపలి చిత్రాన్ని తెర మీద చూపించారు. ఇన్నేళ్లుగా కంఠం, కంఠం అని చెప్పిన నేను అదెలా ఉంటుందో మొదటిసారి చూడడం అప్పుడే. స్వరపేటికలో రెండు చిన్న మడతలు. వాటినే స్వరతంత్రులు అంటారు. ఊపిరితిత్తుల నుండి వచ్చే గాలికి అవి ఒకదానికొకటి తాకుతూ, విడుతూ కంపించడం వల్ల నాదం పుడుతుంది. పెద్ద మగవారు మాట్లాడేటప్పుడు సెకనుకు సుమారు 120 మార్లు, స్త్రీలు మాట్లాడేటప్పుడు 200 మార్లకు పైగా, ఆ వయసు పిల్లలు మాట్లాడేటప్పుడు 250 మార్లకు పైగా అవి కలిసి విడిపోతాయి. పాటలో పై స్థాయికి పోయినకొద్దీ ఈ సంఖ్య ఇంకా పెరుగుతుంది. అరచినప్పుడు ఆ తాకిడి దెబ్బగా మారుతుంది. చప్పట్లు కొట్టి కొట్టి అరచేతులు కాయలు కాసినట్లే, మా బాలుడి స్వరతంత్రుల అంచున రెండువైపులా చిన్న బుడిపెలు లేచాయి. పైగా పిల్లల స్వరతంత్రులు పొట్టివి. వాటి లోపలి పొరలు కౌమారం వరకూ పక్వమవుతూనే ఉంటాయి. పెద్దలు ఓర్చుకున్నంత దెబ్బను అవి ఓర్చుకోలేవు.

శస్త్రచికిత్స అక్కరలేదనీ, అరవకుండా ఉండడం, నీళ్లు బాగా తాగడం, గొంతును సరిగా వాడడం నేర్చుకోవడం ముఖ్యమనీ వైద్యులు చెప్పారు. గుసగుసలాడడం కూడా విశ్రాంతి కాదన్నారు. నా మిరియాల తేనె సంగతి చెబితే నవ్వి, మింగినది ఆహారనాళంలోకి పోతుంది గాని స్వరతంత్రులను తాకదని వివరించారు. తాకితే పొలమారుతుంది! నీళ్లు కూడా అంతే. ఒంట్లో నీరు తగినంత ఉంటేనే స్వరతంత్రుల మీది తడి నిలుస్తుంది. పాడడానికి ముందు ఒక గుక్క తాగినంత మాత్రాన చాలదు. రెండు మూడు వారాలకు మించి పిల్లల గొంతు బొంగురుగా ఉంటే ఇంటి వైద్యంతో కాలం గడపక వైద్యునికి చూపించాలన్నది ఆనాడు నేను నేర్చుకున్న మొదటి పాఠం.

తిరుగుప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చున్న ఆ పిల్లవాడు ఒక్క మాటా ఆడలేదు. ఆడవద్దని వైద్యులు చెప్పారు కాబట్టి ఆడలేదు. నాకు మాత్రం ఆ మౌనం వేరుగా వినబడింది.

నేను సంగీతం నేర్చుకున్నదీ విజయనగరంలోనే. 1919లో మహారాజా విజయరామ గజపతి ఆ ఊరిలో సంగీత కళాశాలను నెలకొల్పినప్పుడు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులయ్యారు. వాయులీన విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడ బోధించారు, ఘంటసాల, పి. సుశీల అక్కడ చదువుకున్నారు. అటువంటి చోట నేర్చుకున్న మాకు కంఠసాధన అంటే ఏమిటో తెలియకపోలేదు. తెల్లవారకముందే లేచి మంద్రస్థాయిలో షడ్జం మీద నిలిచి, అకార సాధన చేసి, ఆ తరువాతనే సరళీ వరుసలలోకి వెళ్లేవాళ్లం. కంఠాన్ని కింది నుండి మెల్లగా మేలుకొలిపే పద్ధతి అది. పదహారేళ్ల వయసులో నాకు అది అమృతం. ఆ సాధననే ఏడేళ్ల పిల్లల చేత చేయించబోతే ఏమవుతుందో బాలభజన నడిపేవారందరికీ తెలుసు. రెండు నిమిషాలకు ఒకడు పక్కవాణ్ణి గిల్లుతాడు. మూడవ నిమిషంలో ఎవరో ఒకరు మంచినీళ్లకు లేస్తారు. పైగా మంద్రస్థాయి వారి గొంతులకు అందదు. గొంతు నొక్కిపెట్టి గురగురలాడిస్తారు. కాబట్టి నేను ఏళ్ల క్రితమే దాన్ని మానేసి, ఎకాయెకిన కీర్తనలోకి దించడం మొదలుపెట్టాను. సాధనను మానడం తేలిక, దాని స్థానంలో మరొకటి పెట్టాలని తోచలేదు.

ఆ మరొకటి ఏమిటో నాకు చూపించినది శాస్త్రగ్రంథం కాదు. సంక్రాంతి వెళ్లిన కొద్ది రోజులకు బాలుణ్ణి చూడడానికి వాళ్లింటికి వెళ్లాను. వసారాలో అమ్మమ్మ చేపల బుట్ట అల్లిక సరిచేస్తున్నది. బాలుడు ఏడాదిన్నర చెల్లెలిని ఎదురుగా కూర్చోబెట్టుకొని ఆడిస్తున్నాడు. మాటలు లేవు గనుక బుర్రుపిట్ట పాటను పెదవులతోనే ఆడుతున్నాడు. పెదవులు రెండూ వదులుగా కలిపి గాలి ఊదుతూ "బుర్ర్ర్" మనిపిస్తే ఆ పసిది కిలకిలా నవ్వుతున్నది. నవ్వినకొద్దీ వాడు ఆ బుర్రును ఎత్తుతున్నాడు, దించుతున్నాడు. నేను మెట్టు మీదే ఆగిపోయాను. మాటకు రాని గొంతు, ఆ పెదవుల బుర్రు వెనుక, సన్నగా, ఎక్కడా చీలకుండా పలుకుతున్నది!

వైద్యులు సాధనకు చెప్పిన వాటిలో ఇదీ ఒకటని తరువాత తెలిసింది. పెదవులను సగం మూసి నాదం చేసినప్పుడు కొంత గాలి లోపలే నిలిచి స్వరతంత్రులకు పై నుండి మెత్తని ఆనుడుగా పనిచేస్తుంది. తాకిడి తగ్గుతుంది, నాదం మాత్రం పుడుతుంది. ఇంగో టిట్జ్ అనే అమెరికా స్వరశాస్త్రవేత్త సన్నని గొట్టంలోకి నాదం ఊదే సాధనకు ప్రచారం తెచ్చాడు. దాని వెనుక ఉన్న సూత్రం కూడా ఇదే. మా ఊళ్లో కొబ్బరిబొండాల వాడి దగ్గర గొట్టాలకు కొదవ లేదు. గ్లాసు నీళ్లలో గొట్టం ముంచి, బుడగలు తెప్పిస్తూ రాగం తీయమంటే పిల్లలకు అంతకన్న పండుగ లేదు. బొప్పాయి ఆకు కాడలతో బూరాలు ఊదడం పల్లె పిల్లలకు ఎప్పటి నుండో తెలిసినదే గదా అని ఒకసారి వాటిని తెప్పించాను. కాడల పాలు తగిలి ఇద్దరికి పెదవులు మండాయి. మళ్లీ తెప్పించలేదు.

అలా మొదలైంది. కీర్తనకు ముందు పది నిమిషాలు పిల్లలకు తెలిసిన పాటలతోనే ఆట. తెలిసిన పాట కావడంలోనే అంతా ఉన్నది. కొత్త పాట నేర్చుకునే పిల్లవాడు సాహిత్యం గుర్తుంచుకోవడానికి బుగ్గలు బిగిస్తాడు, దవడ బిగిస్తాడు, భుజాలు ఎత్తుతాడు. ఉగ్గుపాలతో వచ్చిన పాటకు ఆ బిగువు ఏదీ ఉండదు. బిగువు లేని గొంతును పట్టుకొని అక్కడి నుండి మెల్లగా నడిపించుకుపోవడమే ఉపాధ్యాయుని పని.

ముందుగా చెమ్మచెక్క. ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి చేతులు తట్టుకుంటూ మామూలు గొంతుతో ఒక చరణం పాడతారు. రెండవ చరణానికి నోరు మూయాలి; పాట మనసులోనే నడవాలి, చేతుల తట్టు మాత్రం ఆగకూడదు. మూడవ చరణానికి అందరూ ఒక్కసారిగా గొంతెత్తాలి. మూసిన నోటితో ఉన్న ఆ కొద్ది క్షణాలలో పిల్లలు తమకు తెలియకుండానే ముక్కుతో నిండుగా ఊపిరి తీసుకుంటారు. భుజాలు లేవవు, చేతులు ముందుకు చాచి ఉన్నాయి గనుక పొట్ట, పక్కటెముకలే విచ్చుకుంటాయి. "ఊపిరి తీసుకో" అని నేను చెప్పినన్నాళ్లూ భుజాలు చెవుల దాకా లేచేవి. చెప్పడం మానేసిన తరువాత సరిగా వచ్చింది. ఇంకొక లాభం: మనసులో పాడుకోవడానికి తోటివారి లయను వినక తప్పదు. ప్రహ్లాదుడు చెప్పిన శ్రవణం అక్కడ దొరికింది నాకు.

తరువాత బుర్రుపిట్ట. పెదవులు వదలని పిల్లలుంటారు. వారిని రెండు వేళ్లతో బుగ్గలను మెల్లగా ముందుకు నొక్కుకోమంటే వస్తుంది. అప్పటికీ రాకపోతే నాలుకను అల్లాడిస్తూ రకారం పలికించవచ్చు. పిట్ట కొమ్మ మీద నుండి ఎగిరినట్లు నాదం పైకి పోవాలి, మళ్లీ కొమ్మకు దిగాలి. ఎంత పైకి అని నేను చెప్పను. ఎవరి పిట్ట ఎంత ఎగిరితే అంతే.

మూడవది నాకు అన్నిటికన్న ఇష్టమైనది, చందమామ పాట. కుడిచేయి నేల వద్ద నుండి మెల్లగా పైకెత్తి చందమామను చూపిస్తూ, మాటలు లేకుండా ఊకారం మీద గొంతును చేతితో పాటు పైకి తీసుకుపోవాలి. చందమామను పట్టుకొని మళ్లీ ఒడిలోకి దించాలి. మెట్టు మెట్టుగా కాదు, జారుగా. మన సంగీతంలో జారు అన్న గమకం పసివానికి మొదట తెలిసేది ఇక్కడే. ఊకారం ఎందుకంటే పెదవులు గుండ్రంగా ముడుచుకొని, గొంతు మీద ఒత్తిడి లేకుండా తారస్థాయి అందుతుంది. అకారం మీద అరచి కూడా అందుకోలేని స్వరం, చందమామ కోసం చేయి చాచిన పిల్లవానికి అలవోకగా అందడం చూశాను. పాడినట్టు వాడికే తెలియలేదు.

లాలిపాటను పెదవులు మూసి ముక్కుతో గుంజారవంగా పాడడం నాలుగవది. ముక్కు మీద వేలు పెట్టుకొని కంపనం తెలుస్తున్నదో లేదో చూసుకోమంటాను. చిన్నవాళ్లు ఒడిలో తువ్వాలు మడిచి పాపాయిగా పెట్టుకుంటారు. నిద్రపోతున్న పాపను లేపకూడదు గనుక గట్టిగా పాడకూడదని ఎవరికీ వేరే చెప్పనక్కరలేదు.

ఇక గుడుగుడు గుంచం. పిడికిళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఆడే ఆట అది. గకార, డకారాలతో నిండిన పలుకులు నాలుక మొదలును, కొసను రెండింటినీ కదిలిస్తాయి. మొదట నింపాదిగా, తరువాత రెట్టింపు వేగంతో, మరల దానికి రెట్టింపుగా పలికిస్తాను. సరళీ వరుసలను మూడు కాలాలలో పాడిస్తాం గదా, అదే ఇది. మూడవ కాలంలో నాలుకలు తడబడి మండపమంతా నవ్వులే. ఆ నవ్వు కూడా కంఠానికి మంచిదే. నవ్వుతున్న పిల్లవాని దవడ బిగుసుకొని ఉండదు. కాళ్లాగజ్జ ఆటను కూర్చొని పాడేటప్పటి నిటారు భంగిమకు వాడుకుంటాను. ఒప్పులకుప్పను కూడా చేర్చాను గాని, గిరగిర తిరిగి ఆయాసపడ్డ పిల్లలు పాడలేకపోయారు. ఒక అమ్మాయి తూలి స్తంభానికి గుద్దుకుంది. అది ఆరుబయట ఆడుకోవలసిన ఆట.

ఇంతవరకూ శ్రుతి మాట ఎత్తలేదు. కావాలనే ఎత్తలేదు. పాత పద్ధతిలో నేను శ్రుతిపెట్టెను నా శ్రుతికి, అంటే ఒకటికి పెట్టి, దానిలో పిల్లలను పాడించేవాణ్ణి. నేను తారస్థాయికి వెళ్లినప్పుడు నాకన్న ఒక స్థాయి పైన పాడే పిల్లలు అరవక ఏం చేస్తారు? ఆరేడేళ్ల పిల్లలు హాయిగా పలికే పరిధి ఐదారు స్వరాలు మాత్రమే. ఇప్పుడు ముందుగా పిల్లల చేత ఒకరినొకరు పిలిపిస్తాను. దూరంగా ఉన్న నేస్తాన్ని పిల్లవాడు ఆటగా పిలిచినప్పుడు ఆ పిలుపులో తరచు రెండు స్వరాలుంటాయి. పైది ముందు, కిందిది తరువాత. చెవి పెట్టి వింటే అది పంచమం నుండి అంతర గాంధారానికి దిగినట్లుంటుంది. మన పల్లెలోనే కాదు, ఎన్నో దేశాల పిల్లల ఆటపాటలలో ఈ దిగుడు వినిపిస్తుంది. హంగరీ దేశపు సంగీతజ్ఞుడు జోల్తాన్ కొడాయ్ (1882–1967) తమ దేశపు జానపద గీతాలూ, పిల్లల ఆటపాటలే సంగీత విద్యకు మాతృభాష కావాలని వాదించాడు. ఆయన మార్గంలో నడిచే ఉపాధ్యాయులు సాధారణంగా పాఠాన్ని ఈ రెండు స్వరాలతోనే ఆరంభిస్తారు. పురందరదాసు (1484–1564) మనకు ఏర్పరచాడని పెద్దలు చెప్పే మాయామాళవగౌళలోనూ ఉన్నది అంతర గాంధారమే. అంటే పిల్లవాని పిలుపు నుండి మన తొలి పాఠానికి దారి దగ్గరే. ఎక్కువమంది పిలుపు ఎక్కడ నిలుస్తుందో విని, ఆ చోటికి శ్రుతిపెట్టెను తిప్పుతాను. పిల్లలు శ్రుతికి రావడం తరువాత సంగతి; ముందు శ్రుతి పిల్లల దగ్గరకు వస్తుంది.

అప్పుడు అవే రెండు స్వరాల మీద నేస్తం పేరు తీసి గోవిందనామం పెడతాను. నేస్తాన్ని పిలిచినట్లే స్వామిని పిలవమంటాను. ఆ తరువాత కీర్తన. అప్పటికి కంఠాలు తెరుచుకొని ఉంటాయి.

దీనికి ఆక్షేపణ రాకపోలేదు. మా ఆలయానికి చిరకాలంగా సేవ చేస్తున్న ఒక పెద్దాయన, "స్వామి సన్నిధిలో బుర్రుపిట్టలేమిటండీ?" అని నిలదీశారు. నేను అన్నమాచార్యులను (1408–1503) జ్ఞాపకం చేశాను. ముప్ఫై రెండు వేల సంకీర్తనలు రచించాడని ప్రసిద్ధి పొందిన ఆ మహనీయుడు, స్వామి కోసం చందమామను రమ్మని పిలిచే కీర్తన కూడా చేశాడు. అచ్యుతునికి పాడిన జోలపాట ఆయన పేరుమీదనే ప్రచారంలో ఉన్నది. తల్లి ఒడిలోని పాట స్వామి సన్నిధికి తగనిదైతే ఆయన దానిని అక్కడికి తెచ్చేవాడా? అంతకు చాలా దగ్గరి కాలంలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పిల్లల ఆటపాటలను తెలుగువారి ఇంటింటికీ వినిపించారు. పిల్లల పాటను చులకన చేయని పెద్దలు మనకు ఎప్పుడూ ఉన్నారు. ఆ పెద్దాయన నా సమాధానానికి ఒప్పుకోలేదు. కాని మరుసటి వారం నుండి ఆ పది నిమిషాలూ ధ్వజస్తంభం దగ్గర కూర్చొని, కీర్తన మొదలైన తరువాత లోపలికి రావడం మొదలుపెట్టారు. గుడుగుడు గుంచం మూడవ కాలంలో ఆయన వేళ్లు కదులుతుండగా నేను ఒకసారి చూశాను, చూడనట్లే ఉన్నాను.

దాతల విషయం కూడా సవినయంగా చెప్పుకోవాలి. పిల్లల భజన ఊరంతా వినబడాలని ఒక భక్తుడు పెద్ద లౌడ్ స్పీకర్లు ఇస్తానన్నారు. ఆయన సంకల్పం ఉత్తమమైనది. కాని నా అనుభవంలో, పెద్దల వాద్యాలను, పాటను ఆ స్పీకర్లలో వినిపించి, పిల్లలను వాటికి పోటీగా పాడమన్నప్పుడే వారి గొంతులు చెడ్డాయి. చుట్టూ హోరు పెరిగినకొద్దీ మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. నేను ఆయనను అడిగినవి ఇవి: చలిలో నేలమీద కూర్చోకుండా నాలుగు చాపలు, ఒక మంచినీళ్ల కుండ, తలకొక గ్లాసు, మంచి శ్రుతిపెట్టె. తాళాలు, చిడతలు పిల్లల కీర్తన సాగుతున్నంతసేపూ మెత్తగా మోగితే చాలునని భజన పెద్దలను కూడా వేడుకున్నాను. ఆయన నవ్వి చాపలూ కుండా ఇచ్చారు, స్పీకర్లు కూడా ఇచ్చారు. అవి కల్యాణోత్సవాలకు బాగా ఉపయోగపడుతున్నాయి.

నగర సంకీర్తనను మానలేదు. కాని ఇప్పుడు ముందుగా మండపంలో ఆట, ఆపైన ఊరి లోపలి వీధులలో మాత్రమే నడక. రహదారి అంచుకు వెళ్లము. ఒక చరణం ఒక వరుస పాడితే మరొక చరణం మరొక వరుస పాడుతుంది. సగం మంది ఎప్పుడూ వింటూ ఉంటారు. జలుబు చేసిన పిల్లలు ఆ రోజు పాడరు, తాళం వేస్తారు. పన్నెండు, పద్నాలుగేళ్ల మగపిల్లలకు గొంతు మారే సమయంలో పై స్వరాలను వదిలివేయమని చెబుతాను. "గట్టిగా" అన్న మాటను నేను పూర్తిగా మానుకున్నానని చెప్పలేను. అలవాటు చెడ్డది. నోరు జారినప్పుడు పిల్లలే పెదవుల మీద వేలు పెట్టి నాకు గుర్తు చేస్తారు.

ఆ బాలుడు ఎనిమిది నెలల పాటు పాడలేదు. వారం వారం వచ్చేవాడు, చెమ్మచెక్కలో చేతులు తట్టేవాడు, బుర్రుపిట్ట ఎగరేసేవాడు. కీర్తన మొదలుకాగానే చాప చివర కూర్చొని వినేవాడు. మధ్యలో రెండుసార్లు వైద్యులకు చూపించాం. రెండవసారి తెర మీద ఆ బుడిపెలు కనబడీ కనబడనంతగా తగ్గాయి. మెల్లగా మొదలుపెట్టవచ్చన్నారు. మొదలుపెట్టమని నేను అనలేదు. ఒకరోజు గోవిందనామం దగ్గర చాప చివర నుండి ఒక గొంతు వచ్చి కలిసింది. అంతే.

మరుసటి ధనుర్మాసం చివర, భోగినాడు గోదా కల్యాణంలో వాడు ఒక చరణం ఒంటరిగా పాడాడు. వెనుకటి శంఖం కాదు. సన్నని, తేటైన గొంతు. అమ్మమ్మ స్తంభానికి ఆనుకొని నిలబడింది. వెనుక వరుసల వారికి వినబడి ఉండదు. సగం చరణంలో రహదారి మీద పెద్ద లారీ ఒకటి హారన్ మోగిస్తూ పోయింది. నా చేయి అలవాటుగా పైకి లేవబోయింది. వాడు నావైపు చూడనే లేదు. పాట ఆపి, లారీ దాటిపోయేదాకా తాళం మాత్రం వేస్తూ నిలబడి, ఆపిన చోటి నుండి అదే గొంతుతో అందుకున్నాడు.